చాంగీ శిబిరంలో ఫుట్‌బాల్: 1942–43

సింగపూరు మీదుగా ప్రయాణం చేసే తెలుగువారికి చాంగీ అనగానే గుర్తుకు వచ్చేది విమానాశ్రయం. నిద్రచాలని కళ్ళతో అక్కడ దిగి, కాఫీ తాగి, మరో విమానం ఎక్కే మనలో చాలామందికి ఆ నేలమీద మొదటి రన్‌వేని 1943–44లో యుద్ధఖైదీల చేత వేయించారన్న సంగతి తెలియదు. ఆ విమానాశ్రయానికి కూతవేటు దూరంలో సెలరాంగ్ అనే సైనిక స్థావరం ఉంది. ఇప్పటికీ అది సైన్యం అధీనంలోనే ఉంది కనుక బయటివారికి ప్రవేశం లేదు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు గేటు దగ్గరనుంచే వెనుదిరిగాను. ఆ గేటు లోపల, 1942లో, యుద్ధంలో ఓడిపోయి చెరపట్టబడిన సైనికులు ఒక ఫుట్‌బాల్ లీగ్ నడిపారు. జట్లు, పట్టిక, అంపైర్లు, చివరికి ఉత్తమ ఆటగాడికి ఒక పతకం. ఆ పతకం ఇవాళ కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా యుద్ధస్మారక సంస్థలో భద్రంగా ఉంది.

నేను చరిత్రకారుణ్ణి కాను, వైద్యుణ్ణి. ఈ కథ నన్ను పట్టుకున్నది కూడా ఆట వలన కాదు, అన్నం వలన. పాలిష్ పట్టిన బియ్యం తప్ప మరేమీ సరిగా దొరకని శిబిరంలో, బెరిబెరి వార్డులు నిండుతున్న రోజులలో, వేలమంది యువకులు పరుగెత్తే ఆట ఎందుకు ఆడారు? అప్పుడు అక్కడ నేనే వైద్యాధికారిగా ఉంటే అనుమతించి ఉండేవాడినా?

ముందు నేపథ్యం. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానుకు లొంగిపోయింది. ఆ తరువాత సుమారు 50,000 మంది బ్రిటిష్, ఆస్ట్రేలియా సైనికులు ద్వీపం తూర్పు కొసనున్న చాంగీకి కాలినడకన తరలించబడ్డారు. చాంగీ అనగానే చాలామంది జైలునే ఊహించుకుంటారు. కానీ తొలి రెండేళ్ళు ఆ జైలులో ఉన్నది పౌర ఖైదీలు. సైనికులను ఉంచినది యుద్ధానికి ముందు బ్రిటిష్‌వారు 1930లలో కట్టుకున్న విశాలమైన స్థావరాలలో. సెలరాంగ్ బ్యారక్స్ గోర్డన్ హైలాండర్స్ అనే స్కాటిష్ పటాలానికి నివాసం. మూడంతస్తుల భవనాలు, మధ్యలో కవాతు మైదానం, చుట్టూ ఆటస్థలాలు. ఆ స్థావరం సుమారు 15,000 మంది ఆస్ట్రేలియన్లకు దక్కింది. రాబర్ట్స్ బ్యారక్స్ ఆసుపత్రి అయింది. తొలి నెలల్లో జపాను సైనికులు లోపల పెద్దగా కనబడేవారు కారు. ఖైదీల అధికారులే తమ దళాల పాలన, క్రమశిక్షణ, వంట, వైద్యం చూసుకున్నారు. ఆ ఖాళీలోనే నాటకశాల వచ్చింది, తరగతులు వచ్చాయి, ఆటలు వచ్చాయి.

ఇక్కడ 'ఫుట్‌బాల్' అంటే ఏమిటో చెప్పాలి. బ్రిటిష్ సైనికులకు అది మనకు తెలిసిన ఆటే. వారిలో వృత్తి ఆటగాళ్ళు కూడా ఉన్నారు. రెడింగ్ క్లబ్బుకు ఆడిన జానీ షెర్వుడ్ అందులో ఒకడు. ఇతడు 1937–38లో ఇస్లింగ్టన్ కొరింథియన్స్ జట్టుతో ప్రపంచయాత్ర చేసినవాడు. ఆ యాత్రలోనే ఢాకాలో ఆ జట్టును స్థానిక బెంగాలీ ఆటగాళ్ళు 1–0తో ఓడించారు. ఆస్ట్రేలియన్ల ఆట వేరు. విక్టోరియా రాష్ట్రంలో పుట్టిన ఆ ఆటకు కోలగా ఉండే బంతి, అండాకారపు మైదానం, పక్షానికి 18 మంది. చేతితో పట్టవచ్చు, పిడికిలితో కొట్టవచ్చు, కాలితో తన్నవచ్చు. మధ్య కంబాల నడుమ పడితే 6 పాయింట్లు, పక్క కంబం లోపల పడితే 1. నాలుగు భాగాలు, దాదాపు ఆగని పరుగు, శరీరాలు ఢీకొనడం. మన కబడ్డీలోని మొరటుదనాన్ని క్రికెట్ మైదానమంత వైశాల్యంలో ఊహించుకుంటే కొంత అందుతుంది.

ఈ లీగ్ ఏర్పాటులో ముఖ్యుడు విల్ఫ్రెడ్ స్మాల్‌హార్న్. 'చికెన్' అన్నది అతని ముద్దుపేరు. ఫిట్జ్‌రాయ్ జట్టుకు ఆడి, 1933లో బ్రౌన్‌లో పతకం గెలిచినవాడు. 1924లో మొదలైన ఈ పతకాన్ని గీలాంగ్ క్లబ్బుకు చెందిన చార్లెస్ బ్రౌన్‌లో పేరుమీద నెలకొల్పారు. ఋతువంతటిలో అందరికన్న బాగా, అందరికన్న న్యాయంగా ఆడినవానికి ఇస్తారు. 'న్యాయంగా' అన్న షరతు గమనించదగినది. ఎంత గొప్ప ఆటగాడైనా ఆ ఋతువులో మొరటుతనానికి శిక్షపడితే అర్హుడు కాడు. చాంగీలో జట్లకు మెల్బోర్న్, రిచ్మండ్, కార్ల్టన్, గీలాంగ్ వంటి స్వదేశీ క్లబ్బుల పేర్లే పెట్టుకున్నారు. వేల మైళ్ళ దూరాన తమ పేటల పేర్లతో అరుచుకునే ప్రేక్షకులు. హైదరాబాదును వదిలి ముప్ఫై ఏళ్ళయినా అక్కడి వీధుల పేర్లతోనే వాదించుకునే మనకు ఇది వివరించి చెప్పనక్కరలేదు.

మన పాఠకులలో క్రికెట్ ప్రియులకోసం ఒక పక్కమాట. ఆ ఖైదీలలో ఆస్ట్రేలియా టెస్ట్ వికెట్‌కీపర్ బెన్ బార్నెట్ కూడా ఉన్నాడు. 1938లో ఓవల్ మైదానంలో లెన్ హటన్ 40 పరుగుల మీద ఉండగా స్టంపింగ్ వదిలేసినది ఇతడే. హటన్ ఆ తరువాత 364 దాకా వెళ్ళాడు.

ఇక అన్నం సంగతి. మా ఊళ్ళో బియ్యం మరకు పంపితే బియ్యం మనుషులకు, తవుడు గేదెలకు వచ్చేది. ఏది బలమో గేదెలకు తెలుసునని మా నాయనమ్మ అనేది. వైద్యకళాశాలలో బి విటమిన్ల పాఠం విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చినది ఆ మాటే. చాంగీ ఖైదీలకు లెక్కప్రకారం రోజుకు సుమారు అర కిలో బియ్యం. అదీ నిలవున్న తెల్లని మరబియ్యం. దాని నుంచి వచ్చే శక్తి సుమారు 1,750 కెలోరీలు. బంగాళదుంపలు, రొట్టె, మాంసం తిని పెరిగిన ఆ వంటవాళ్ళకు అన్నం వండటం రాదు; మొదట్లో వారు వండినది జిగురుముద్ద. తెల్లబియ్యంలో వంద గ్రాములకు థయమిన్, అంటే బి1 విటమిన్, ఒక మిల్లీగ్రాములో పదో వంతు కూడా ఉండదు. అర కిలోకు అటూఇటుగా 0.3–0.4 మిల్లీగ్రాములు. పెద్దవానికి రోజుకు ఒక మిల్లీగ్రాము దాకా కావాలి. బియ్యం కడిగి, గంజి వారిస్తే ఆ ఉన్నదీ సగం పోతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పిండిపదార్థాన్ని శక్తిగా మార్చే ప్రక్రియకే థయమిన్ అవసరం. కనుక అన్నం ఎంత ఎక్కువగా తింటే, దానిని ఎంత వేగంగా ఖర్చుచేస్తే, విటమిన్ అవసరం అంతగా పెరుగుతుంది. శరీరంలో దాని నిలవ 30 మిల్లీగ్రాములకు మించదు. రెండు మూడు వారాలకే తరిగిపోతుంది. శారీరక శ్రమ బెరిబెరిని బయటపెడుతుందన్నది ఆనాటి వైద్యులకు తెలిసిన విషయమే. ఒక ఆటకు కనీసం ఐదారు వందల కెలోరీలు ఖర్చు. ఆ రోజు తిన్నదానిలో మూడోవంతు మైదానంలో పోయినట్లే.

లొంగిపోయిన కొన్ని వారాలకే శిబిరపు ఆసుపత్రిలో కాళ్ళవాపులు, అరికాళ్ళ మంటలు, గుండె బలహీనతలు కనబడసాగాయి. కొందరిలో వ్యాధి మెదడుకు పాకింది: కళ్ళు అటూఇటూ కొట్టుకోవడం, వాంతులు, మతి తప్పడం. డి వార్డెనర్, లెనక్స్ అనే ఇద్దరు బ్రిటిష్ వైద్యులు సింగపూరు ఖైదీల ఆసుపత్రిలోని ఇటువంటి 52 కేసుల వివరాలను 1947లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. మద్యపానంతో ముడిపెట్టి చెప్పే వెర్నికె వ్యాధి అసలు థయమిన్ లోపమేనని, చుక్క మద్యం దొరకని మనుషులలో చూపించిన వ్యాసమది. చాలామందిలో ముందు విరేచనాలు పట్టుకుని, ఆ తరువాత మెదడు దెబ్బతిన్నదని వారు గమనించారు. ఇవాళ అత్యవసర విభాగంలో మత్తుగా పడివున్న రోగికి గ్లూకోజుతో పాటు థయమిన్ ఇవ్వాలని మేము నేర్చుకునే పాఠం వెనుక ఆ ఖైదీల మంచాలున్నాయి.

బాధ కలిగించే సంగతి ఏమిటంటే, ఈ జ్ఞానమంతా ఆ ప్రాంతంలోనే పుట్టింది. జావాలో ఐక్‌మన్ 1890లలో కోళ్ళమీద ప్రయోగాలు చేసి తవుడు విలువను చూపాడు. మలయాలో బ్రాడన్ అనే వైద్యుడు, తెల్లబియ్యం తినే చైనా కూలీలకు బెరిబెరి వస్తున్నదనీ, ఉప్పుడు బియ్యం తినే భారతీయ కూలీలకు అంతగా రావడం లేదనీ గమనించి 1907లో పుస్తకం రాశాడు. తరువాత కౌలాలంపూరు వైద్యపరిశోధన సంస్థకు చెందిన ఫ్రేజర్, స్టాంటన్ నెగిరి సెంబిలాన్‌లో రోడ్డు పనిచేసే 300 మంది జావా కూలీలను రెండుగా విడదీసి, రెండు రకాల బియ్యం మార్చిమార్చి పెట్టి, దోషం తెల్లబియ్యానిదేనని రూఢిచేశారు. 1926లో బటేవియాలో జాన్సెన్, డోనత్ ఆ పదార్థాన్ని స్ఫటికంగా వేరుచేశారు.

ఇందులో మనవారి భాగం కూడా ఉంది, అయితే రోగుల వైపున. భారతదేశంలో బెరిబెరికి పేరుమోసిన ప్రాంతం ఉత్తర సర్కారులే. మద్రాసు సైన్యవైద్యుడు మాల్కమ్‌సన్ 1835లో ఈ వ్యాధిమీద అచ్చువేసిన గ్రంథానికి ఆధారం గంజాం, విశాఖపట్టణం, మచిలీపట్నం తీరాల అనుభవమే. తమిళ దేశంలో ధాన్యాన్ని ఉప్పుడు చేసే అలవాటు ఎక్కువ. ఉడికేటప్పుడు పైపొరలోని విటమిన్ గింజలోపలికి చేరి, మరపట్టినా కొంత మిగులుతుంది. కోస్తా తెలుగువారికి పచ్చిబియ్యం మీదే మక్కువ. దంపుడు రోజులలో అది చెల్లింది, మరలు వచ్చాక చెల్లలేదు. ఉప్పుడు బియ్యం పెడితే పెళ్ళివారు లేచిపోతారన్న మన పట్టింపుకు పూర్వం కొందరి గుండెలు మూల్యం చెల్లించాయి.

చాంగీ వైద్యులు చేతనైనంత చేశారు. తవుడు సంపాదించి తినిపించారు, గడ్డినుంచి కషాయం తీసి తాగించారు, ఉన్న కాస్త మార్మైట్‌ను చావుబతుకుల మధ్య ఉన్నవారికి దాచారు, కూరతోటలు వేయించారు. ఆ పరిస్థితిలో లీగ్ నడిచింది.

ఋతువు నడిమధ్యన మరో ఘటన జరిగింది. పారిపోజూచి పట్టుబడిన నలుగురి విషయమై శిబిరాధికారి జనరల్ ఫుకుయే, ఇకపై పారిపోబోమని ఖైదీలందరూ సంతకం చేయాలని ఆజ్ఞాపించాడు. వారు నిరాకరించారు. 1942 ఆగస్టు 30న 15,000 మందికి పైగా ఖైదీలను సెలరాంగ్ కవాతు మైదానంలోకి, దాని చుట్టూ ఉన్న భవనాలలోకి కుక్కారు. నీళ్ళు దాదాపు లేవు. మైదానాన్ని తవ్వి మరుగుదొడ్లు చేసుకున్నారు. సెప్టెంబరు 2న బ్రీవింగ్టన్, గేల్ అనే ఆస్ట్రేలియన్లను, వాటర్స్, ఫ్లెచర్ అనే బ్రిటిష్ సైనికులను సముద్రతీరాన కాల్చిచంపారు. విరేచనాలు, డిఫ్తీరియా చెలరేగే ప్రమాదం ముంచుకురావడంతో, బలవంతం మీద చేసిన సంతకానికి విలువ లేదని చెప్పి అధికారులు ఒప్పుకున్నారు. కొందరు ఆస్ట్రేలియన్లు తమ దేశపు బందిపోటు వీరుడు నెడ్ కెల్లీ పేరుతో సంతకం పెట్టారు.

ఆ నలుగురిని కాల్చిన తుపాకులు పట్టుకున్నది భారతీయులు, అంటే అప్పుడే రూపుదిద్దుకున్న ఆజాద్ హింద్ ఫౌజు కాపలా సైనికులు. మొదటి ఫౌజు లాంఛనంగా ఏర్పడినది సెప్టెంబరు 1న. మన పుస్తకాలు ఈ విషయాన్ని దాటవేస్తాయి. ఆస్ట్రేలియన్ల పుస్తకాలు దీనిని తప్ప మరేమీ గుర్తుపెట్టుకోవు. రెండూ నాకు సమ్మతం కావు. లొంగిపోయిన రెండోరోజునే, ఫిబ్రవరి 17న, 40,000 మందికి పైగా భారతీయ సైనికులను ఫరర్ పార్కులో సమావేశపరచి, ఒక బ్రిటిష్ కర్నల్ వారిని జపానుకు అప్పగించి వెళ్ళిపోయాడు. తమ తెల్ల అధికారులనుంచి వేరుచేయబడి, కొన్ని నిమిషాలలో యజమానులు మారిన సైనికులు వారు. మేజర్ ఫుజివారా మాట్లాడాడు, కెప్టెన్ మోహన్‌సింగ్ మాట్లాడాడు. చేరినవారిలో దేశంకోసం చేరినవారున్నారు, ఆకలికి చేరినవారున్నారు, స్నేహితులను కాపాడటానికి చేరినవారున్నారు. చేరనివారిలో వేలమంది న్యూగినీ దీవులకు కూలీలుగా పంపబడ్డారు, తిరిగివచ్చినది కొద్దిమంది. అయినప్పటికీ, నిరాయుధులైన నలుగురు ఖైదీలమీద పేలిన ఆ తుపాకులను స్వాతంత్ర్యపోరాటం లెక్కలో వేయడానికి నా మనసు ఒప్పదు. ఫుకుయేను యుద్ధానంతరం, 1946 ఏప్రిల్‌లో, అదే తీరాన కాల్చారు.

ఫరర్ పార్కు కూడా ఆటస్థలమే కావడం యాదృచ్ఛికం. 1933 దాకా గుర్రపుపందేల మైదానం, తరువాత ఫుట్‌బాల్ మైదానం. లిటిల్ ఇండియాలో ఇడ్లీ తిని ఆ పక్కగా నడిచిన తెలుగువారు ఎందరో ఉంటారు.

సెలరాంగ్ దిగ్బంధం తరువాత మళ్ళీ ఆట సాగింది. ఖైదీల సంఖ్య మాత్రం నెలనెలా తగ్గుతూ వచ్చింది. మే నెలలో 3,000 మంది బర్మాకు, జులైలో 1,494 మంది బోర్నియోలోని సందకన్‌కు వెళ్ళారు. సందకన్‌లో చివరిదాకా మిగిలిపోయిన సుమారు 2,400 మంది ఆస్ట్రేలియన్, బ్రిటిష్ ఖైదీలలో ప్రాణాలతో బయటపడినది ఆరుగురు.

1943 జనవరి 24న ఆఖరి ఆట. విక్టోరియా జట్టు ఒకవైపు, మిగిలిన ఆస్ట్రేలియా ఒకవైపు. ప్రేక్షకులు సుమారు 10,000 మంది అని చెబుతారు. ఆ ఋతువు ఉత్తమ ఆటగాడిగా పీటర్ చిట్టీకి 'చాంగీ బ్రౌన్‌లో' పతకం దక్కింది. ఇతడు కడ్జీవా అనే కొండపల్లెవాడు. 1936లో సెయింట్ కిల్డా తరఫున రెండంటే రెండు ఆటలాడినవాడు. సైన్యంలో అంబులెన్సు దళంలో డ్రైవరు. ఇంటి దగ్గర పెద్ద పేరు తమ్ముడు బాబ్ చిట్టీది. అతడు కార్ల్టన్ నాయకుడిగా 1945లో, నెత్తురు కారిన ఆటగా చరిత్రకెక్కిన ఫైనల్ గెలిచాడు. 1951లో ఒక సినిమాలో నెడ్ కెల్లీ వేషం కూడా వేశాడు. అన్నగారికి మాత్రం జీవితంలోని అతిపెద్ద గౌరవం ఖైదీల మైదానంలో దొరికింది.

ఇప్పుడు నా ప్రశ్నకు వస్తాను. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులను వారి అంగీకారంతో ఆరు నెలలు అర్ధాకలితో ఉంచాడు. బరువు నాలుగోవంతు తగ్గేసరికి వారు స్వచ్ఛందంగా కదలడమే మానేశారు. మెట్లెక్కడం కూడా బరువైంది. ఆకలిగొన్న శరీరం మొదట రద్దుచేసేది ఆటనే. ఆ లెక్కన, 1942లో చాంగీలో ఆట సాగిందంటే అక్కడి ఆకలి ఇంకా ఆ మెట్టుకు చేరలేదన్నమాట. దస్త్రాలు కూడా అదే చెబుతాయి. యుద్ధకాలమంతా చాంగీ మీదుగా వెళ్ళిన సుమారు 87,000 మంది ఖైదీలలో చాంగీలోనే చనిపోయినవారు సుమారు 850 మంది. చాంగీ పేరు నరకానికి పర్యాయపదంగా స్థిరపడింది కానీ, బర్మా రైలుమార్గంనుంచి తిరిగివచ్చినవారికి అది ఇల్లులాగా కనబడిందట.

అయితే వైద్యుని దగ్గరకు సగటు రాడు. మైదానంలో పరుగెత్తినవారు ఆరోగ్యవంతులు; వార్డులో ఉన్నవారు వేరే. విరిగిన ఎముక అతకాలంటే మాంసకృత్తులు కావాలి, గాయం మానాలంటే విటమిన్లు కావాలి, ఆ రెండూ లేనిచోట ఢీకొనే ఆట ఆడించడం లెక్కప్రకారం తప్పు. నేనైతే మొదటి నెలలో అనుమతించేవాడిని, కాళ్ళవాపు కనబడినవాణ్ణి పక్కన కూర్చోబెట్టేవాడిని, డిఫ్తీరియా వచ్చినవాణ్ణి కోలుకున్నా నెలలపాటు మైదానం దగ్గరకు రానిచ్చేవాడిని కాను, ఎందుకంటే ఆ విషం గుండెకండరాన్ని చడీచప్పుడు లేకుండా తింటుంది. అయినా ఈ జవాబును ఎయిర్ కండిషన్ గదిలో కూర్చుని, 1943 ఏప్రిల్ సంగతి తెలిసి ఇస్తున్నాను. ఆనాటి వైద్యులకు అది తెలియదు.

ఆఖరి ఆటకు సరిగ్గా పన్నెండు వారాల తరువాత, ఏప్రిల్ 18న, 'ఎఫ్ ఫోర్స్' అనే 7,000 మంది దళం చాంగీనుంచి రైలెక్కడం మొదలైంది. ఆహారం సమృద్ధిగా ఉండే, ఆరోగ్యకరమైన చోటికి వెళుతున్నారని, రోగులను కూడా తీసుకురావచ్చని చెప్పారు. వాద్యపరికరాలు కూడా పట్టుకెళ్ళారు. థాయ్‌లాండ్‌లో రైలుదిగాక వర్షాకాలంలో రాత్రులు నడిపిస్తూ సుమారు 300 కిలోమీటర్లు తీసుకువెళ్ళారు. కలరా తగిలింది. ఏడాది తిరిగేసరికి ఆ 7,000 మందిలో సుమారు 3,100 మంది లేరు. అదే రైలుమార్గంమీద మలయా రబ్బరు తోటలనుంచి తరలించిన తమిళ, తెలుగు కూలీలు వేలసంఖ్యలో ఉన్నారు. వారికి సొంత వైద్యులు లేరు, దస్త్రాలు రాసే అధికారులు లేరు. యుద్ధఖైదీలలో 12,000 మందికి పైగా చనిపోయారని పేరుపేరునా తెలుసు. ఆసియా కూలీలలో చనిపోయినవారి సంఖ్య సుమారు 90,000 అన్నది అంచనా మాత్రమే.

పీటర్ చిట్టీ ఆ రైలుమార్గంమీద పనిచేసి బతికి బయటపడ్డాడు. అక్కడ తోటి ఖైదీలకు చేసిన సేవకు బ్రిటిష్ ఎంపైర్ పతకం వచ్చింది. స్మాల్‌హార్న్ కూడా తిరిగివచ్చి, మెల్బోర్న్ టెలివిజన్‌లో ఫుట్‌బాల్ గురించి మాట్లాడుతూ 1988 దాకా జీవించాడు. చిట్టీ 1996లో కన్నుమూశాడు.